రెండు శాతం నేరం

గవ్వలదీవి ఏ పటంలో ఉందని అడక్కండి. పటంలో చుక్క పెట్టాలన్నా సంస్థవారి అనుమతి కావాలి, ఆ దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది. ఒడ్డున లాంచీ ఎక్కితే రెండు గంటల ప్రయాణం. కొబ్బరి తోటలు, మడ అడవి, తెల్లటి ఇసుక, నడిమధ్య ఒక కొండ, సముద్రాన్ని ఆనుకుని దీవి చుట్టూ పదకొండు కిలోమీటర్ల రోడ్డు. ఏళ్ళ తరబడి హాయిగా పడివుంది. అలా హాయిగా పడివుండటం చూడలేక దాన్ని బాగుచెయ్యడానికి ఒక సంస్థను పెట్టారు.

దాని పేరు గవ్వలదీవి సంపూర్ణ హరిత ప్రాధికార సంస్థ. దీవిలో పొగ అనేది కనిపించరాదని సంస్థ మొదటి తీర్మానం. ఉన్న నాలుగు ఆటోల్నీ తాళ్ళు కట్టి లాంచీలో ఒడ్డుకు పంపేశారు. ఇళ్ళలో పొయ్యిల సంగతి తేల్చడానికి ఒక కమిటీ వేశారు గాని, మొదటి సమావేశంలోనే కమిటీకి టీ కావలసి రావడంతో ఆ విషయం వాయిదా పడింది. ఆ తర్వాత నలభై బుల్లి కరెంటు బండ్లు కొన్నారు. ముందు ఇద్దరు, వెనక ఒకరు పట్టే బండి. దానికి హరితమిత్ర అని పేరు పెట్టి, పర్యాటకులు అద్దెకు తీసుకుని తామే నడుపుకుంటూ దీవంతా చుట్టి రావచ్చునని ప్రకటించారు.

బండ్లు అద్దెకిచ్చే ఆఫీసు కొండ మీద ఉంది. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దమనిషి హెలికాప్టరు దిగడానికి కొండ మీద తప్ప చోటు దొరకలేదు. ఆయన ఎక్కడ రిబ్బను కత్తిరించాడో అదే ఆఫీసు అయింది. కాబట్టి దీవిలో నడవలేనివాళ్ళు ముందు మూడు వందల పన్నెండు మెట్లు ఎక్కాలి. ఎక్కితే నడవక్కర్లేకుండా బండి ఇస్తారు.

ఆ మెట్లు ఎక్కి, పైన ఆయాసపడుతూ నిలబడ్డవాళ్ళలో గొర్లె తవిటినాయుడు, ఆయన భార్య అసిరమ్మ ఉన్నారు. తవిటినాయుడు పాలకొండ డిపోలో ముప్పై మూడేళ్ళు బస్సు నడిపి నాలుగు నెలల కిందట రిటైరయ్యాడు. పెన్షనర్ల సంఘం వాళ్ళ యాత్రలో వచ్చారు. పొద్దున తొమ్మిదింటికి లాంచీ దిగారు, సాయంత్రం నాలుగింటికి మళ్ళీ ఎక్కాలి. మిగతా పెన్షనర్లంతా మెట్లను ఒకసారి తలెత్తి చూసి, కింద రేవు దగ్గరే కొబ్బరిబొండాలు తాగుతూ కూర్చున్నారు.

అసిరమ్మ మాత్రం కూర్చోలేదు. ఆవిడకి ఒకటే కోరిక. ముప్పై మూడేళ్ళలో మొగుడు నడిపిన బస్సు ఎన్నోసార్లు ఎక్కింది, ఎక్కినప్పుడల్లా ఆడవాళ్ళ సీట్లో కూర్చుని మొగుడి వీపు చూసుకుంటూ పోయింది. పక్కన కూర్చుని, తను ఇటంటే ఇటు, అటంటే అటు ఆయన నడుపుతుంటే చూడాలని ఉండేది. ఇంకో ముచ్చట కూడా ఉంది. రూటు బస్సు ఏ దారిన వెళితే ఆ దారినే తిరిగొస్తుంది. ఒక్కసారైనా వెనక్కి తిప్పకుండా, ముందుకే పోతూ పోతూ, బయల్దేరిన చోటికే గుండ్రంగా వచ్చెయ్యాలి. ఇదేం కోరిక అంటే ఆవిడ చెప్పలేదు. తవిటినాయుడు అడగనూ లేదు. రిటైరైన రోజున సరేనన్నాడు, అంతే.

కౌంటర్లో సునందిని అనే అమ్మాయి ఉంది. తవిటినాయుడు లైసెన్సు, ఆధారు, ఆరోగ్య పత్రం చూసి, పచ్చ కాగితాల మీద ఏడు సంతకాలు పెట్టించుకుని, బండి తాళం చేతికిచ్చింది.

“బండిలో ఛార్జి అరవై ఒక్క శాతం ఉందండి. తిరిగి అప్పగించేటప్పుడు కూడా అరవై ఒకటే ఉండాలి. తగ్గితే నేరం.”

“తిరిగితే తగ్గదేటమ్మా?” అన్నాడు తవిటినాయుడు.

“తగ్గుతుందండీ. అందుకే తిప్పరు.”

తవిటినాయుడికి అర్థం కాలేదు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఆయనకు చాలా సర్క్యులర్లు అర్థం కాలేదు గాని, ఇలాంటిది తగల్లేదు. సునందిని ఓపిగ్గా విడమరిచింది. బండి తిరిగితే ఛార్జి తగ్గుతుంది. తగ్గితే మళ్ళీ ఎక్కించాలి. ఎక్కించాలంటే కరెంటు కావాలి. దీవిలో కరెంటు ఆఫీసు వెనకనున్న జనరేటరుది. జనరేటరుకు డీజిలు పోయాలి, పోస్తే పొగ వస్తుంది. దీవిలో పొగ రాకూడదు. కాబట్టి బండ్లన్నీ ఒడ్డున ఛార్జి పెట్టించుకుని వచ్చినప్పుడు ఎంత ఉందో, రెండేళ్ళుగా అంతే కాపాడుతున్నారు.

“మరి ఆ డుగుడుగు మోతేటి?” అంది అసిరమ్మ చెవి అటు పెట్టి.

“అది జనరేటరేనండి. సారు గదిలో ఏసీకి. దీవిలో పొగ వస్తోందా లేదా అని సారు ఆ గదిలో కూర్చునే చూస్తుంటారు. అది కార్యాలయ పొగ. మీది పర్యాటక పొగ అవుతుంది.”

“ఎండ ఇలాగ కాస్తంది, ఎండతో కరెంటొస్తాదంటారు కదమ్మా?”

“సోలారు పలకలు వచ్చాయండి. పెట్టాలంటే నాలుగు చెట్లు కొట్టాలి. చెట్లు కొట్టకూడదు. గోదాంలో ఉన్నాయి.”

ఇంత విడమరిచి చెప్పాక ఎవరైనా ఒప్పుకోవలసిందే. సునందిని వాళ్ళిద్దర్నీ షెడ్డులోకి తీసుకెళ్ళి పదిహేడో నంబరు బండిలో కూర్చోబెట్టి, బెల్టులు పెట్టించి, తాను ముందు ఒక స్టూలు వేసుకుని కూర్చుని పుస్తకం తెరిచింది. అప్పటికే పక్క రెండు బండ్లలో మనుషులున్నారు.

“గవ్వలదీవి హరిత యాత్రకు స్వాగతం. మనం ఇప్పుడు రేవు దాటి రెండో కిలోమీటరులో ప్రవేశిస్తున్నాం. మీ ఎడమ చేతి వైపు దట్టమైన మడ అడవి. తెల్ల కొంగలు బారులుగా ఎగురుతున్నాయి.”

అసిరమ్మ ఎడమ చేతి వైపు చూసింది. గోడకు ఇసుక నింపిన ఎర్ర బకెట్లు నాలుగు వేలాడుతున్నాయి.

“కొంగలేవమ్మా?”

“రెండో కిలోమీటర్లో ఉంటాయండి.”

“మనమెక్కడున్నాం?”

“రెండో కిలోమీటర్లోనే.”

పక్క బండిలో స్టీరింగు రెండు చేతులా బిగించి పట్టుకున్న ఒక పెద్దాయన తల బయటికి పెట్టాడు. “అమ్మాయ్, మలుపుల దగ్గర కాస్త మెల్లగా చదువు. మా ఆవిడకి కడుపులో తిప్పుతోంది.” సునందిని మలుపుల దగ్గర మెల్లగా చదివింది. ఆవిడకి నెమ్మదించింది.

ఇందులో నవ్వడానికేమీ లేదు. రెండేళ్ళలో తొమ్మిది వేల మంది ఈ యాత్ర చేశారు. ఒక్క ప్రమాదం జరగలేదు. ఒక్క కుక్క కూడా బండి కింద పడలేదు. పొగ సున్నా, ఖర్చైన ఛార్జి సున్నా, అరిగిన టైరు సున్నా. ఈ అంకెలు చూసి ఎక్కడో జరిగిన మహాసభలో సంస్థకు పెద్ద బహుమతి ఇచ్చారు. యాత్ర పూర్తి చేసినవాళ్ళకి దీవి చుట్టినట్టు ధ్రువపత్రం ఇస్తారు, దాని మీద కొంగ బొమ్మ ఉంటుంది.

ఏడో కిలోమీటరు దగ్గర అసిరమ్మ బెల్టు తీసేసింది.

“మావా, దిగు. ఎలిపోదాం.”

“ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉన్నాయండి,” అంది సునందిని.

“ఉండనీ తల్లీ. ఈ బకిట్లు మాకు ఇంటికాడా ఉన్నాయి.”

గొంతు మామూలుగానే ఉంది గాని కళ్ళు ఎర్రబడ్డాయి. తవిటినాయుడు చూశాడు. ఈ మనిషి ముప్పై మూడేళ్ళలో తనని అడిగింది ఇదొక్కటే, అదీ మూడు వందల పన్నెండు మెట్లు ఎక్కి మరీ అడిగింది. ఆయన బండి దిగలేదు. షెడ్డు వాకిట్లోంచి కిందికి చూశాడు. రోడ్డు వంకర్లు తిరుగుతూ రేవు దాకా ఏకవాలుగా దిగుతోంది. మూడు కిలోమీటర్లుంటుంది.

ఇక్కడ తవిటినాయుడి పనితనం గురించి ఒక ముక్క చెప్పాలి. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు లాగాడన్నదే డ్రైవరుకు పరువు. అందులో ఆయనది డిపోలో మొదటి పేరు. ఆయన ఇంట్లో ఉన్న ఏడు గోడగడియారాలూ డీజిలు మిగిల్చినందుకు ఇచ్చినవే. వాలు కనిపిస్తే ఆయన కాలు యాక్సిలరేటరు మీద నిలవదు.

“అమ్మా, కరెంటు కాలకుండా ఎల్తే తప్పా?” అని అడిగాడు.

సునందిని నిబంధనల పుస్తకం ఆ చివర్నుంచి ఈ చివరకు తిరగేసింది. బండి నడపకూడదని ఉంది. దొర్లకూడదని లేదు. ఇది తన స్థాయి దాటిన ప్రశ్న గనక లోపలికి వెళ్ళి సారును పిలుచుకొచ్చింది.

ముఖ్య హరిత నిర్వహణాధికారి ఫాలలోచనం గారు శాలువా కప్పుకుని బయటికొచ్చారు. తొంభై అయిదు కిలోల మనిషి. ఏసీలోంచి రావడంతో కళ్ళజోడు మసకబారింది. తుడుచుకుంటూ విషయం విన్నారు.

“అనగా ప్రయాణికుని ప్రమేయము లేకుండా, విద్యుత్తు వ్యయము లేకుండా, వాహనము తనంతట తాను కిందికి పోవును. అంతేనా?”

“అంతే బాబూ. పెడలు ముట్టను. మళ్ళీ పైకి మా పెన్షనర్లం ముప్పై మందిమి తోసుకొస్తాం.”

“భూమ్యాకర్షణ మా సంస్థ పరిధిలోకి రాదు,” అన్నారాయన చాలాసేపు ఆలోచించి. “కావున దానిని నిషేధించు అధికారము మాకు లేదు. కాని అందువల్ల కలుగు నష్టమునకు మాకు బాధ్యతయూ లేదు. అమ్మాయ్, ఆ మేరకు సంతకం తీసుకో.”

ఎనిమిదో సంతకం పెట్టి తవిటినాయుడు బండి తాళం తిప్పి, బ్రేకు వదిలాడు. పదిహేడో నంబరు హరితమిత్ర పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి షెడ్డు దాటింది.

చప్పుడు లేదు. గాలి ఒక్కటే చెవుల్లో. మలుపు వచ్చినప్పుడల్లా తవిటినాయుడు బ్రేకు మీద కాలు ఆనించి, పిల్లకు తల దువ్వినంత నెమ్మదిగా తిప్పుతున్నాడు. ఒక మలుపులో సముద్రం కుడిపక్కన కనిపిస్తే, ఇంకో మలుపులో ఎడమపక్కన కనిపిస్తోంది. అసిరమ్మ ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో కిటికీ పట్టుకుని నవ్వుతోంది. “ఓలమ్మో! మావా, మెల్లగా! కాదు కాదు, బేగి పోనీ!” ఏది వినాలో తెలియక తవిటినాయుడు రెండూ చేశాడు.

కింద రేవు దగ్గర రోడ్డు చదునైన చోట బండి దానంతటదే ఆగింది. తవిటినాయుడు మీటరు చూసి కళ్ళు నులుముకున్నాడు. అరవై మూడు చూపిస్తోంది.

పది నిమిషాల్లో కొండ మీంచి మోటారు సైకిలు దడదడలాడుతూ దిగింది. వెనక నల్లగా పొగ తోక. ముందు ‘హరిత విధి నిర్వహణ, పొగ మినహాయింపు కలదు’ అని పచ్చ బోర్డు. దాని మీంచి ఫాలలోచనం గారు శాలువాతో సహా దిగారు.

“అరవై మూడు!” అన్నారు. మీటరులోకి మళ్ళీ తొంగి చూశారు. “అరవై ఒకటి ఇచ్చితిమి. అరవై మూడు ఎట్లు వచ్చెను?”

“నాకేటి దెల్సు బాబూ. తగ్గనేదు కదా, పెరిగితే మంచిదే కదా?”

“మంచిదా! ఇది కరెంటు బండి. మీరు బ్రేకు తొక్కినప్పుడల్లా చక్రం తిప్పే మోటారే విద్యుత్తు పుట్టించి బ్యాటరీలోకి తోస్తుందని దాని పుస్తకం నలభయ్యో పేజీలో ఉంది. అంటే ఈ దీవిలో, లైసెన్సు లేకుండా, పర్యావరణ అనుమతి లేకుండా, బహిరంగంగా మీరు విద్యుదుత్పత్తి చేశారు. ఇప్పుడు మీరు పర్యాటకులు కారు. మీరొక విద్యుత్ కేంద్రం!”

అసిరమ్మ మొగుడి వంక కొంచెం గౌరవంగా చూసింది.

ఫాలలోచనం గారు అవతలి ఒడ్డునున్న సంస్థ అధ్యక్షులవారికి ఫోను చేశారు. అక్కడ ఒక అత్యవసర సమావేశం కూడింది. ఇక్కడ కొబ్బరిచెట్టు నీడన ముగ్గురూ నిలబడ్డారు. పెన్షనర్లు బొండాలతో సహా చుట్టూ చేరారు. విద్యుత్ కేంద్రం పెట్టేముందు ప్రజాభిప్రాయం సేకరించాలి గనక ఫాలలోచనం గారు వాళ్ళని అడిగారు. వాళ్ళు మాకేం అభ్యంతరం లేదన్నారు. అభ్యంతరం లేకపోతే సేకరణ చెల్లదనీ, ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పాలనీ ఆయన అన్నారు. ఒక రిటైర్డు కండక్టరు సాయం చేద్దామని లేచి ఎండ ఎక్కువగా ఉందని అభ్యంతరం చెప్పాడు. అది రాసుకున్నారు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి తీర్మానం వచ్చింది. అక్రమంగా పుట్టిన రెండు శాతం కరెంటునూ సాయంత్రం లోగా నిర్మూలించాలి. ఎలా నిర్మూలించాలన్నది క్షేత్రస్థాయిలో తేల్చుకోవాలి.

“లైట్లు ఏసి ఒగ్గేస్తే సరిపోద్ది కదా బాబూ?” అన్నాడు తవిటినాయుడు. ఈ గొడవ తెమిలితే చాలు ఆయనకు.

“కాంతి కాలుష్యం. తాబేళ్ళు తికమకపడతాయి.”

“మిట్టమధ్యానమా?”

“నిబంధనలో వేళ రాయలేదు.”

“పోనీ హారను?”

“శబ్ద కాలుష్యం.”

“బండిలో ఏసీ?”

“వేడి గాలి బయటికి వదులుతుంది. దీవి ఉష్ణోగ్రత ఏమైపోవాలి?”

“మరి తమరి గదిలో ఏసీ?”

“అది కార్యాలయ వేడి,” అన్నారు ఫాలలోచనం గారు, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు.

అసిరమ్మ అంతసేపూ వింటూ ఉంది. అప్పుడు మెల్లగా అంది, “మరి నడిపితేనో?”

“నడపడమా?”

“బండిని నడిపితే కరెంటు కాలిపోద్దని ఆ పిల్లే సెప్పింది కద బాబూ.”

ఫాలలోచనం గారు ఫోను చెవికి ఆనించుకుని నాలుగడుగులు దూరంగా వెళ్ళారు. ఆయన మాటలు మాత్రం ఇటు వినిపిస్తూనే ఉన్నాయి. “అవును సార్, నడపడమే... నిషేధం ఉన్నది వినోదయాత్రకు మాత్రమే సార్... శిక్షగా నడిపిస్తే అది వినోదం కిందికి రాదు సార్... లేదు సార్, వాళ్ళు సంతోషపడకుండా నేను చూసుకుంటాను.”

తిరిగొచ్చి ఉత్తర్వు చదివారు. సదరు నేరస్థులు సదరు రెండు శాతము పూర్తిగా నశించు వరకు సదరు వాహనమును చదునైన తీర రహదారిపై స్వయముగా నడుపవలెను. మధ్యలో ఆపరాదు, వెనుకకు తిప్పరాదు. మీటరులో అరవై ఒకటి కనిపించిన క్షణమున ఉన్నచోటనే దిగిపోయి వాహనమును స్వాధీనపరచవలెను. అధికారి సాక్షిగా వెంట ఉండవలెను.

“రెండు శాతమంటే మహా అయితే రెండు కిలోమీటర్లు,” అన్నారు ఫాలలోచనం గారు వెనక సీట్లో ఇరుక్కుంటూ. “అక్కణ్ణుంచి ఎండలో నడిచి రావాలి. అనుభవించండి.”

అసిరమ్మ మొగుడి పక్కన కూర్చుంది. ఆయన చెవిలో అడిగింది, “మావా, రెండు శాతంతోటి పదకొండు కిలోమీటర్లు అవుద్దేటి?”

తవిటినాయుడు చెప్పులు విడిచి, ఉత్త కాలు పెడలు మీద పెట్టాడు. అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు. “సూద్దాం,” అన్నాడు.

తర్వాత జరిగింది చూసి అర్థం చేసుకోవాలంటే డ్రైవరై పుట్టాలి. పెడలు మీద కాలు ఉందో లేదో తెలియదు. ఒకసారి తాకి వదిలేస్తాడు, బండి ఆ ఊపుతో పోతూనే ఉంటుంది. ఊపు చచ్చిపోతుందనగా మళ్ళీ తాకుతాడు. గాలి వెనకనుంచి వచ్చినప్పుడు గాలికే వదిలేస్తాడు. గుంత వస్తే దాని అంచు పట్టుకుని దాటిస్తాడు. బ్రేకు మాట ఎత్తడు. తొక్కితే మళ్ళీ కరెంటు పుట్టి ఇంకో కేసవుతుందని ఆయన భయం.

మడ అడవి వచ్చింది. వేళ్ళన్నీ నీళ్ళలోంచి పైకి లేచి నిలబడ్డాయి. కొంగలు నిజంగానే ఉన్నాయి, అయితే బారులుగా లేవు, ఎవరికి తోచిన చోట అవి నిలబడ్డాయి. అసిరమ్మ ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఒకచోట ఎర్ర పీతలు రోడ్డు దాటుతున్నాయి. ఆపకూడదని ఉత్తర్వు గనక తవిటినాయుడు వాటి మధ్యనుంచి, ఒక్క కాలైనా విరక్కుండా, బండిని అటూ ఇటూ జారించుకుంటూ పోయాడు. మూడో కిలోమీటరు దాటాక మీటరు అరవై రెండు చూపించింది.

“ఇంకొకటే,” అన్నారు ఫాలలోచనం గారు సంతోషంగా.

నాలుగో కిలోమీటరు అయింది. అరవై రెండే. అయిదో కిలోమీటరులో ఇసుక మీద వలలు పరిచి ఆడవాళ్ళు నెత్తళ్ళు ఎండబెడుతున్నారు. బండిని చూసి పనాపి చేతులూపారు. అసిరమ్మ కిటికీలోంచి సగం బయటికి వాలి, “ఎలగున్నారమ్మా!” అని కేకేసింది. వాళ్ళెవరో ఆవిడకి తెలియదు. అయినా “బాగున్నామమ్మా!” అని బదులొచ్చింది.

“ఇక్కడ చేపలు ఎండబెడతారా?” అన్నారు ఫాలలోచనం గారు.

“తమరికి దెల్దేటి బాబూ?” అంది అసిరమ్మ.

“మూడేళ్ళుగా దీవిలో వాసన సమస్య మీద ఫైలు నడుపుతున్నాను. వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టడానికి ఇద్దరు నిపుణుల్ని కూడా పిలిపించాం.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈసారి మసక పట్టలేదు, ఊరికే తుడుచుకున్నారు. “నేను పైనుంచి కిందికి రేవు దాకానే వస్తాను. ఇటువైపు రాలేదు.”

ఏడో కిలోమీటరులో ఆయన శాలువా తీసేశారు. ఎనిమిదో కిలోమీటరులో సముద్రం రోడ్డుకు ఎంత దగ్గరగా వచ్చిందంటే ఒక అల తుంపర ఆయన మొహాన పడింది. దాన్ని ఏ ఫైలులో రాయాలో తెలియక తుడుచుకోకుండా అలాగే కూర్చున్నారు. తొమ్మిదో కిలోమీటరుకి మీటరు చూడటం మానేశారు. చూడక్కర్లేదు గూడా, అసిరమ్మ దాని మీంచి కళ్ళు తీయటం లేదు. అరవై రెండు. అరవై రెండు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఏ దేవతకు ఏం మొక్కిందో మరి.

పదో కిలోమీటరు దాటాక ఉప్పుటేరు మీద వంతెన కనిపించింది. ఒంటె వీపులా మధ్యలో లేచి ఉంది. తవిటినాయుడి మొహం వాడిపోయింది.

“అసిరీ, ఇది ఎక్కితే అరవై ఒకటి పడిపోద్దే. ముగ్గురి బరువు. నావల్ల కాదు.”

“ఎంత దూరం ఉందింక?”

“వంతెన అవతల అర కిలోమీటరు. రేవు కనిపిస్తంది సూడు.”

అసిరమ్మ చూసింది. రేవులో లాంచీ పచ్చజెండా కనిపిస్తోంది. అంత దగ్గర. ఆవిడ మొగుడి మోకాలి మీద చెయ్యి వేసింది. తవిటినాయుడికి ఏడుపొచ్చినంత పనైంది.

వెనక సీట్లో కాగితం గరగరలాడింది. ఫాలలోచనం గారు ఉత్తర్వు విప్పి మళ్ళీ చదువుతున్నారు. “‘సాక్షిగా వెంట ఉండవలెను’ అనే ఉంది. వాహనములోనే ఉండవలెనని లేదు,” అన్నారు తనలో తాను. ఆ తర్వాత తలుపు తీసి, నెమ్మదిగా పోతున్న బండిలోంచి తొంభై అయిదు కిలోలతో కిందికి దూకారు.

బండి ఒక్కసారి తేలికపడింది. వంతెన ఎక్కుతూ సగంలో మళ్ళీ ఊపు తగ్గింది. తవిటినాయుడు కాలు ఆనించడానికి భయపడుతున్నాడు. అంతలో బండి వెనకనుంచి ఎవరో నెట్టినట్టు ముందుకు జరిగింది. అసిరమ్మ తల తిప్పి చూసింది. ముఖ్య హరిత నిర్వహణాధికారి రెండు చేతులూ బండికి ఆనించి, చెమటలు కక్కుతూ వంగి ఉన్నారు.

“అయ్యయ్యో! ఏటి బాబూ, తోస్తన్నారా?”

“లేదమ్మా,” అన్నారాయన రొప్పుతూ. “పర్యవేక్షిస్తున్నాను. చేతులు వేసి పర్యవేక్షిస్తున్నాను. నువ్వు మీటరు చూడు!”

వంతెన నడుము దాటింది. అవతలి వాలులో తవిటినాయుడు ఊపిరి బిగబట్టి, బ్రేకు తాకకుండా, స్టీరింగు వేళ్ళతో పట్టుకుని దించాడు. వెనక ఫాలలోచనం గారు బూట్లు టపటపలాడించుకుంటూ, “ఆపకండి! ఆపకండి!” అని అరుస్తూ పరుగెత్తుకొస్తున్నారు. పెన్షనర్లు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. బండి కొబ్బరిబొండాల అంగడి దాటింది, టిక్కెట్ల గది దాటింది, పొద్దున వాలు దిగి ఆగిన చోటికి, అదే చెట్టు కిందికి, అవతలి దిక్కునుంచి వచ్చి చేరింది. చేరాక మీటరు అరవై ఒకటి చూపించింది.

అసిరమ్మ వెంటనే దిగలేదు. వచ్చిన దారి వైపు ఒకసారి, వెళ్ళిన దారి వైపు ఒకసారి చూసింది. “ఒక్క పాలి కూడా ఎనక్కి తిప్పనేదు మావా,” అంది. ఆ మాట అంటూ ఏడ్చేసింది. తవిటినాయుడు ఏం చెయ్యాలో తెలియక హ్యాండుబ్రేకు వేశాడు.

లాంచీ కూత పెట్టింది. అయినా శిక్ష పూర్తయినట్టు పత్రం రాయకుండా నేరస్థుల్ని వదలకూడదు. ఫాలలోచనం గారు చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోగా, ఇసుకలో చతికిలబడి పచ్చ కాగితం తీశారు.

“శిక్షాకాలమున నేరస్థులు బాధ అనుభవించిరా?” అని చదివి, అసిరమ్మ మొహం చూసి, “ఏడ్చారు కదా, అవునని రాస్తున్నాను,” అన్నారు. “ఇక ఆఖరి గడి. ఇది మీరే నింపాలి. ఇట్టి నేరమును మరల చేయుదురా? అవును, కాదు.”

తవిటినాయుడు కలం అందుకుని ‘కాదు’ దగ్గరకు తీసుకెళ్ళాడు. అసిరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

“సేస్తాం అని రాయ్.”

“ఒలే, నేరమే అది!”

“అమ్మా, తొందరపడకు,” అన్నారు ఫాలలోచనం గారు. “నిబంధన ప్రకారం చెప్పడం నా విధి. రెండోసారి ఇదే నేరం చేస్తే శిక్ష రెట్టింపు అవుతుంది.”

“రెట్టింపంటే?”

“రెండు చుట్లు.”

“ఏటి సూస్తన్నావు మావా, బేగి రాసీయ్!” అంది అసిరమ్మ.

తవిటినాయుడు రాశాడు. ఇద్దరూ సంతకాలు పెట్టి లాంచీ వైపు పరుగెత్తారు. ఫాలలోచనం గారు కాగితం మడవబోయి ఆగి, అటూ ఇటూ చూసి, అడుగున మిగిలిన ఖాళీలో తన చేత్తో ఇంకో వాక్యం చేర్చారు. రెండవ శిక్షకు కూడా ఇదే సాక్షి తప్పక హాజరు కావలెను.